బాలమణి మునుం

లింగాల మండలాఫీసుకు ఎదురుగా నా జిరాక్సు దుకాణం. దాని పక్క గదికి మొన్నమొన్నటి దాకా ఒక బోర్డు వేలాడేది. "జీవన పర్యంత సముదాయ వయోజన అభ్యాస వికాస కేంద్రం" అని. చదువు రానివాళ్ళ కోసం పెట్టిన ఆ బోర్డును చదువు వచ్చినవాళ్ళే ఒక్క ఊపిరిలో చదవలేకపోయేవాళ్ళు. పొలం పహాణీ కాగితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి రెండుసార్లు తడబడి, "అసలు లోపల ఏం అమ్ముతరు?" అని నన్నే అడిగాడు.

నాగర్‌కర్నూల్‌లో ఉన్న ఒక సముదాయ కళాశాల వాళ్ళు మండలానికొకటి చొప్పున పెట్టిన కేంద్రాల్లో అదొకటి. దానికి అధికారి రాఘవేందర్ సార్. ఆయన జిల్లా కేంద్రంలో ఉంటాడు, ఫోన్లో ఎక్కువ ఉంటాడు. ఇక్కడ పాఠం చెప్పడానికి మా ఊరి పిల్లే, ఇంటర్ చదివిన రజితను పెట్టారు. జనం మాత్రం ఆ పొడుగు పేరు జోలికి పోకుండా 'అమ్మల బడి' అన్నారు. మామూలు బడికి పంతులు రాకపోయినా పిల్లలు వస్తారు. అమ్మల బడికి పంతులమ్మ వచ్చి కూర్చున్నా అమ్మలు రారు. మొదటి వారం రజిత ఒక్కతే కూర్చుని గోడలకు అ ఆలు నేర్పింది.

రెండో వారం బాలమణి వచ్చింది. ఆమె వస్తే వెనకాల ఆమె కూలి గుంపంతా వస్తుంది. అలా గది నిండింది.

బాలమణి గురించి చెప్పాలి. ఆమె వయసు ఆధార్ కార్డులో ఒకటి, మోకాళ్ళలో ఒకటి. కైకిలి, అంటే కూలిపని, చేసుకునే క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు బడికి పోలేదని కాదు, పోయింది. తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దాకా పోతే, వాడు ఏడుపు అందుకున్నాడు, పంతులు ఇద్దరినీ బయటికి పంపాడు. ఆ తర్వాత తమ్ముడు పెరిగి బడికి పోయాడు. బాలమణి అమ్మానాన్నల వెంట వలస పోయింది. కాలువలు తవ్వింది, కట్టలు పోసింది, పూణెలో రోడ్లు వేసింది. "నేనేసిన రోడ్డు మీద బస్సులు పోతయి గని, ఏ బస్సు ఏడికి పోతదో నాకే తెల్వదు" అని నవ్వుతూ చెప్పేది. పెళ్ళి కూడా పని జాగాలోనే, యేసయ్యతో. ఆయన రెండో తరగతి చదివాడు. ఆ చదువును అత్తరు సీసాలాగా ఎన్నడూ మూత తీయకుండా దాచుకున్నాడు.

మోకాళ్ళు మొరాయించాక వలస మానేసి ఊళ్ళోనే గుంపు కట్టింది. కలుపుకైనా పత్తికైనా రైతులు మొదట వెతుక్కుంటూ వచ్చేది బాలమణి గుంపునే. ఎందుకంటే ఆమె గుంపులో న్యాయం ఉంటుంది. చేలోకి దిగేముందు ఆడవాళ్ళందరూ గట్టు మీద వరుసగా నిలబడి ఎవరి సాళ్ళు వాళ్ళు పంచుకుంటారు. దాన్నే మునుం పట్టడం అంటారు. నీ మునుం నీది. పక్కదాని మునుంలో పిలవకుండా అడుగు పెట్టకూడదు. రాళ్ళూ తుమ్మముళ్ళూ ఉన్న అంచు మునుం ఎప్పుడూ గుంపు పెద్దదే. ఎవరైనా వెనకబడితే మాత్రం, ముందు ముగించినవాళ్ళు అవతలి గట్టు నుంచి ఆమెకు ఎదురుగా తీసుకుంటూ వస్తారు. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నాకే అందరూ గట్టెక్కేది. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు, అందుకే కాబోలు ఎవరూ తప్పరు.

అటువంటి మనిషికి చదువు మీద బుద్ధి ఎందుకు పుట్టిందంటే, దానికి కారణం చర్చి. లింగాలలో ఏటా కోతల పండుగ చేస్తారు. పంటలోంచి ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. కందులు, పల్లికాయ, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలానికి ఏ దేవుడి మనుషులైనా వస్తారు. నేను ప్రతి ఏడూ గుమ్మడికాయ కోసం పోతాను. ఆ ప్రార్థనలో కైకిలి ఆడవాళ్ళ నుంచి ఒకరు ముందుకొచ్చి పంట గురించిన వాక్యం చదివి, చివర "చదివింది ఫలానా" అని తన పేరు చెప్పి కూర్చోవాలి. ఆ వంతు గుంపు పెద్దగా బాలమణిదే. చదివేది మాత్రం పాస్టర్ ఇమ్మానుయేల్ గారి కోడలు సౌందర్య. రేడియోలో వార్తలు చదివినట్టు చక్కగా చదివి, "చదివింది సౌందర్య, బాలమణమ్మ తరఫున" అనేది. బాలమణి పక్కన చేతులు కట్టుకుని నిలబడేది.

పోయిన ఏడు అలా నిలబడి వచ్చి కూర్చుంటే, పక్కనున్న ముసలామె భుజం తట్టి, "ఈసారి మస్తు నిలవడ్డవ్ బాలమణీ" అని మెచ్చుకుంది. పాపం మంచికే అన్నది. కానీ ఆ మెచ్చుకోలు బాలమణికి ముల్లు దిగినట్టు దిగింది. ఆ పూటే పాస్టర్ దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, వచ్చే కోతల పండుగకు నేనే సదువుత. తరఫున వద్దు."

"ప్రభువు చిత్తం ఎట్లుంటే అట్ల అమ్మా."

"ఆయన చిత్తం ఆయనకుంటది. నాగ్గూడ కండ్లున్నయి గద."

అదీ సంగతి. ఉద్యోగం కోసం కాదు, పథకం కోసం కాదు. ఒక్క వాక్యం తన నోటితో చదివి, తరఫున అనే మాట లేకుండా తన పేరు చెప్పుకోవాలి. అందుకోసం అమ్మల బడికి వచ్చింది.

మొదటి రోజు రజిత అందరికీ వాచకాలు పంచింది. బాలమణి పుస్తకాన్ని, కొత్త రైతు చేనును చూసినట్టు, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరగేసి చూసింది. తిరిగి పోతూ దారిలో గుంపును నిలబెట్టింది.

"మస్తు పెద్ద చెలక ఇది. పండుగ దాకనే టైమున్నది. ఇంతమందిమి ఉండంగ ఒక్కొక్కలు మొత్తం చేను తీసుడేంది? మునుం పడుదాం."

అందరికీ నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది, పుట్టినప్పటి నుంచి వాళ్ళు చేసిన పనులన్నీ అలాగే అయ్యాయి మరి. యాదమ్మకు క, చ వరుసలు ఇచ్చారు. జోగులమ్మకు త, ప వరుసలు. జములమ్మకు కొత్తగా నడుము నొప్పి పట్టుకుంది కనుక, ఠ ఢ లాంటి ఎప్పుడో గానీ పని పడని అక్షరాలున్న ట వరుస ఇచ్చారు. అచ్చులూ, యరలవలూ మిగిలినవాళ్ళు పంచుకున్నారు. ఎవరి అక్షరాల గుణింతాలు వాళ్ళవే. ఇక మిగిలింది ఒత్తులు. వంకరటింకర తోకలు, అక్షరం కింద దాక్కునేవి, పట్టుకుంటే గీసుకునేవి. అంచు మునుం అంటే అదే కదా. బాలమణి మారుమాట లేకుండా ఒత్తులన్నీ తన మీద వేసుకుంది.

ఆ తర్వాత అమ్మల బడి ఎలా నడిచిందో నేను గోడ అవతల నుంచి రోజూ విన్నాను. రజిత బోర్డు మీద ఒక మాట రాసేది. స్లాబు పోసేటప్పుడు తట్ట చేతులు మారినట్టు ఆ మాట నోళ్ళు మారేది. యాదమ్మ "క" అనేది, జములమ్మ "ట" అనేది, "కింద ఇంకో ట" అని బాలమణి దించేది. అందరూ కలిసి "కట్ట" అని గట్టిగా అరిచేవాళ్ళు. వారాలు గడిచేకొద్దీ ఎంత వేగం వచ్చిందంటే, ఎవరు మొదలుపెట్టారో ఎవరు ముగించారో తెలిసేది కాదు. రజితకు తన పాఠం మీద తనకే ముచ్చటేసింది. ఎవరినీ విడిగా లేపి చదివించాలన్న ఆలోచనే ఆ పిల్లకు రాలేదు. పెద్దమ్మలను చిన్న పిల్లల్లాగా నిలబెట్టి అడగడం మర్యాద కాదనుకుంది.

ఒకరోజు రాఘవేందర్ సార్ తనిఖీకి వచ్చాడు. వాచకంలో చేతికొచ్చిన పేజీ తీసి చదవమంటే గుంపు గడగడా చదివి పారేసింది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వెంటనే వీడియో తీశాడు.

"చూస్తున్నారు కదా! ఒకరు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు పూర్తి చేస్తున్నారు! ఇదే సామూహిక అభ్యసనం! ఇదే లింగాల నమూనా!" అని ఫోన్‌కు ఉపన్యాసం ఇచ్చాడు.

ఆయన జీవితంలో అంతటి నిజం ఇంకెప్పుడూ పలికి ఉండడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. వీడియో నాలుగు దిక్కులా పోయింది. గద్వాల నుంచి, వనపర్తి నుంచి మిగతా కేంద్రాల వాళ్ళు వచ్చి లింగాల నమూనా చూసి, చాయ్ తాగి, సెల్ఫీ దిగి పోయారు. లింగాలలో వంద శాతం అక్షరాస్యత అని రాఘవేందర్ సార్ పరీక్ష జరగకముందే పైకి రాసి పంపాడు.

పరీక్ష నాగర్‌కర్నూల్‌లో పెట్టారు. గుంపు మొత్తం కొత్త చీరలు కట్టుకుని, సద్ది మూటలతో బస్సెక్కింది. తీరా అక్కడికి పోతే ఒక్కొక్కరిని ఒక్కో బల్ల మీద, దూరదూరంగా కూర్చోబెట్టారు. మధ్యలో ఒక సార్ నిలబడి, "ఎవరి పేపరు వాళ్ళే చూడాలి. మాట్లాడకూడదు. సాయం చేసుకోకూడదు" అన్నాడు. గుంపు ఒకరి మొహం ఒకరు చూసుకుంది. సాయం చేసుకోకూడని పని కూడా ఒకటుంటుందని వాళ్ళకు అప్పుడే తెలిసింది.

ప్రశ్నలో చెట్లు నాటడం గురించి ఏదో ఉంది. బాలమణికి కింద ల తోక స్పష్టంగా కనబడుతోంది. దాని పైన కూర్చున్నది ఏమిటో తెలియదు, అది జములమ్మ సొత్తు. ఆమెకు ఇందులో తప్పేమీ తోచలేదు.

"జములా, నీ మునుంల ఉన్నది సూడే, తోకకు మీద."

గది ఆ మూల నుంచి జములమ్మ తల ఎత్తకుండానే పలికింది. "టు."

"ఏయ్, ఎవరమ్మా కాపీ కొట్టేది?" అన్నాడు సార్.

జములమ్మ లేచి నిలబడింది. "కాపీ ఏంది సార్? అది నా మునుం. నాదాంట్ల నన్నడిగింది, చెప్పిన."

"పరీక్షల మునుం ఏందమ్మా? బయటికి నడువు!"

పేపరు గుంజుకుని ఆమెను వరండాలో నిలబెట్టాడు. పరీక్ష అయ్యే వరకూ జములమ్మ కొత్త చీరలో గోడకు ఆనుకుని నిలబడింది. కాలేజీ పిల్లలు చూసుకుంటూ పోయారు. అడిగింది బాలమణి. దొరికింది జములమ్మ. పూణెలో కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ కాలరు పట్టుకున్న బాలమణి, ఆ గదిలో, ఆ తెల్ల కాగితం ముందు నోరు తెరవలేకపోయింది. "అడిగింది నేను సార్" అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

తిరుగు బస్సులో జములమ్మ వేరే సీట్లో కూర్చుంది. దిగేటప్పుడు ఒక్క మాట అంది.

"నీ మునుంల ఎన్నిసార్లు ఎదురొచ్చిన అక్కా. ఇయ్యాల నేను ఎన్కవడ్డ. నువ్వు రాలే."

మరుసటి రోజు నుంచి ఆమె వేరే గుంపుతో పనికి పోయింది.

పేపర్లు దిద్దే పని రజితకే వచ్చింది. యాదమ్మ పేపర్లో క, చ వరుసల అక్షరాలు మాత్రమే ఉన్నాయి, మిగతా చోట్ల ఖాళీ. జోగులమ్మ పేపర్లో ఆమె అక్షరాలే. బాలమణి పేపర్లో గీత కింద వరసగా తోకలు, పైన ఏమీ లేవు. అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే పూర్తి జవాబు కనబడుతుంది, జములమ్మ జాగాల్లో తప్ప. రజిత నా దుకాణంలోనే కూర్చుని ఏడ్చింది. రాఘవేందర్ సార్ వచ్చి సంగతంతా విన్నాడు. ముందు తల పట్టుకున్నాడు.

"వంద శాతం అని పైకి పంపిన. ఇప్పుడు సున్నా అంటే నా బతుకేం గావాలె?" అన్నాడు. కాసేపు ఆలోచించి, తేరుకుని, "ఏయ్ రజితా, అందరివీ కలిపితే జవాబు వస్తున్నది గద? అయితే కలిపే వేద్దాం మార్కులు. సామూహిక మూల్యాంకనం!" అన్నాడు.

అట్లా లింగాల కేంద్రం మొత్తం ఫస్ట్ క్లాసులో పాసైంది. వరండాలో నిలబడ్డ జములమ్మ పాసైంది. ఎన్నడో పేరు రాయించుకుని, పరీక్ష నాడు పూణెలో టైల్స్ పరుస్తున్న పెంటయ్య కూడా పాసయ్యాడు.

సర్టిఫికెట్లకు లామినేషన్ నేనే చేశాను. బాలమణి తనది తెచ్చి నా ముందు పెట్టి, ఏం రాసిందో చదవమంది. చదివాను. ధారాళంగా చదవగలరు, రాయగలరు, సమాజానికి ఆదర్శం, ఇంకా చాలా.

"గింత మంచిగ రాసిండ్రు, ఎవరి గురించి?" అంది.

"నీ గురించే పెద్దమ్మా. ఇదిగో నీ పేరు."

ఆమె వేలు పెట్టి పేరును చాలాసేపు చూసింది. కింద వెతికింది. "యాదమ్మ పేర్ల నా తోకున్నది. జోగులమ్మ పేర్ల ఉన్నది, జములమ్మ పేర్ల ఉన్నది. నా పేర్ల నాది ఒక్కటి గూడ లేదు సూడు" అంది. ఆ మాట అన్నాక ఆమె నవ్వలేదు.

"చేను వేరు, సదువు వేరు. నాకు ముందుగాల తెల్వలే. అందర్ని ముంచిన" అని గొణుక్కుని లేచింది. ఆ మధ్యాహ్నమే బోర్డు విప్పిస్తున్న రాఘవేందర్ సార్ దగ్గరికి పోయింది.

"సార్, పండుగ ముంగటున్నది. నాకు సదువు రాలే. జర మళ్ల మొదటికెళ్లి చెప్పియ్యుండ్రి."

"వచ్చింది కదమ్మా."

"రాలే సార్."

"వచ్చింది. రాసిచ్చినం. చూడు, సంతకం కూడా ఉంది."

"కాయితానికి వచ్చింది సార్, నాకు రాలే."

"అమ్మా, ఇది చదువు రానివాళ్ళ కేంద్రం. నువ్వు చదువుకున్నదానివి. చదువుకున్నవాళ్ళను కూర్చోబెడితే రేపు ఆడిట్ వాళ్ళు నన్ను అడుగుతరు. అయినా లింగాలలో ఇంక చదువు రానివాళ్ళు లేరు. కేంద్రాన్ని మన్ననూర్‌కు మారుస్తున్నం."

బోర్డును ఆటోలో వేసుకుని పోయాడు. రజితను కూడా మన్ననూర్ పంపించారు. బోర్డు అడ్డంగా పట్టక ఆటోలోంచి "వికాస కేంద్రం" బయటికి వేలాడుతూ పోయింది.

ఇంతలో సర్టిఫికెట్ సంగతి పాస్టర్ చెవిన పడింది. ఆదివారం ప్రార్థనలో ఆయన చేతులెత్తి, ఈ ఏడు కోతల పండుగలో మన బాలమణమ్మ స్వయంగా వాక్యం చదువుతుందని ప్రకటించాడు. చర్చంతా చప్పట్లు కొట్టింది. సౌందర్య ఎదురొచ్చి కావలించుకుంది. "నాకు చాలా సంతోషంగా ఉంది అత్తమ్మా, ఇంక నా అవసరం లేదు" అంది. బాలమణి ఆ కౌగిలి విడిపించుకుని బయటపడింది. ఇంటికి పోతే యేసయ్య తన రెండో తరగతి సలహా ఇచ్చాడు.

"గొంతు నొస్తున్నదని చెప్పు. ఆ పిల్లనే సదువనియ్యి. ఉన్న ఇజ్జత్ కాపాడుకో."

"ఇన్నేండ్లు గదే కాపాడుకున్న. ఇగ సాలు" అంది.

మరునాడు పత్తి చేలో, ఒడి నిండా పత్తితో నిలబడి, గుంపు పెద్ద గుంపు ముందు మొదటిసారి ఆ మాట అంది. "నాకు భయమైతున్నదే." ఎవరూ నవ్వలేదు. యాదమ్మ వంగి, పుల్లతో సాళ్ళ మధ్య మట్టి మీద 'క' రాసింది. "ఇది నాది. ఇయ్యాల్టి నుంచి నీది గూడ" అంది. ఆ రోజు నుంచి పనిలో ప్రతి ఒక్కరూ తమ మునుం ఆమెకు రాసిస్తూ పోయారు. లోకమంతా తల నుంచి తోకకు చదువుకుంటే, బాలమణి తోక పట్టుకుని తలకు ఎక్కింది. పండుగ దగ్గర పడేసరికి అన్ని వరుసలూ వచ్చాయి. ఒక్క ట వరుస తప్ప.

"దానికేం పెద్దమ్మా, ట నుంచి ణ దాకా ఐదు అక్షరాలే కదా, నేను చెప్తాను రా" అన్నాను, దుకాణం ముందు నుంచి పోతుంటే పిలిచి.

"అవి జములమ్మయి. ఆమె పిలువకుంట ఆమె మునుంల నేను అడుగు వెట్ట" అంది.

ఒకరోజు అడుగుదామనే జములమ్మ ఇంటికి పోయింది. అక్షరం అడగబోయి ఉప్పు అడిగింది. జములమ్మ గ్లాసుతో ఉప్పు కొలిచి ఇచ్చి తలుపు దగ్గరికి వేసింది. బాలమణి ఉప్పుతో తిరిగొచ్చింది. మొండితనానికి ఇద్దరిలో ఎవరికి ఫస్ట్ క్లాస్ ఇవ్వాలో నాకు తెలియదు.

పండుగ రోజు చర్చి నిండిపోయింది. ముందు కందుల మూటలు, పల్లికాయ గంపలు, గుమ్మడికాయలు. పక్కన నల్లబల్ల మీద సౌందర్య సుద్దముక్కతో కార్యక్రమం అందంగా రాసింది. "వాక్య పఠనం: బాలమణి" అని. రాఘవేందర్ సార్ కూడా పిలవకుండానే వచ్చి, ముందు వరుసలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తన నమూనా ఫలితం వీడియో తీసుకోవాలి కదా. వేలానికి వచ్చినవాళ్ళం తలుపు దగ్గర నిలబడ్డాం. జములమ్మ కూడా అక్కడే ఉంది, గుమ్మడికాయల వైపే చూస్తూ.

బాలమణి ముందుకొచ్చి గ్రంథం తెరిచింది. వేలు అక్షరం మీద పెట్టింది. "వి... త్త... నం" అంది. ముళ్ళల్లో నడిచినట్టు నడిచింది కానీ నడిచింది. ఒక్కో మాట బయటికి వచ్చినప్పుడల్లా యాదమ్మ పెదవులు కదిలాయి, జోగులమ్మ తల ఊపింది. పాస్టర్ కళ్ళు మూసుకున్నాడు. రెండో వరుసలో వేలు ఆగింది.

"పం..." అంది. ఆగింది.

ఆ మాట పంట అని చర్చిలో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఎదురుగా పంటంతా కుప్ప పోసి ఉంది. బాలమణికీ తెలియదని నేను అనుకోను. కానీ ఆమె నోరు తెరవలేదు. వేలు అక్కడే పెట్టి, తల ఎత్తి, తలుపు వైపు చూసింది. పాపం సౌందర్య, ఆ పిల్ల మనసు మంచిది, మెల్లగా లేచి గ్రంథం అందుకోవడానికి చెయ్యి చాపింది. బాలమణి గ్రంథాన్ని గుండెకు దగ్గరగా లాక్కుంది, ఇవ్వలేదు.

"అడిగింది నేనే" అంది బాలమణి. వాక్యంలో లేని మాట అది. "ఆ నాడు పరీక్షల అడిగింది నేను. చెప్పకపోతిని. తప్పయింది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టర్ ఒక కన్ను తెరిచాడు. నా పక్కన నిలబడ్డ జములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి, చర్చి ఆ కొస దాకా వినబడేలా పలికింది.

"ట."

"పంట" అని చదివింది బాలమణి.

మళ్ళీ నడక మొదలైంది. ట వరుస అక్షరం వచ్చిన చోటల్లా వేలు ఆగేది, తలుపు వైపు నుంచి మాట వచ్చేది. మాట వచ్చినప్పుడల్లా జములమ్మ కొంచెం ముందుకు జరిగేది. మొదట తలుపు దగ్గర, తర్వాత బల్లల మధ్య, తర్వాత కందుల మూటల పక్కన. అవతలి గట్టు నుంచి ఎదురొస్తున్న మనిషిని నేను చేలో చాలాసార్లు చూశాను గానీ చర్చిలో చూడటం అదే మొదలు. వాక్యం ముగిసేసరికి ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు.

ఇక పేరు చెప్పాలి. బాలమణి గ్రంథం మూసి, "చదివింది..." అని, నల్లబల్ల వైపు తిరిగింది. సుద్దముక్కతో రాసిన తన పేరు మీద వేలు పెట్టింది.

"బా... ల... మ..."

ఆగింది. జములమ్మ వైపు చూసింది. చర్చి ఘొల్లున నవ్వింది. సొంత పేరు మరిచిపోయే మనిషి ఉంటుందా అని పక్కవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. గుంపులో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"ణి" అంది జములమ్మ.

"చదివింది బాలమణి" అంది బాలమణి.

తరఫున అన్న మాట ఎవరూ అనలేదు. పాస్టర్ ఆమెన్ అనడం మరిచిపోయాడు. ముందు వరుసలో రాఘవేందర్ సార్ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, నొక్కి, కంగారుగా లేచాడు.

"అమ్మా, బాలమణమ్మా! ఒక్క నిమిషం. వీడియో ఆన్ కాలేదు. మళ్ళా ఒక్కసారి మొదటినుంచి చదువమ్మా."

బాలమణి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. జములమ్మ చెయ్యి పట్టుకుంది.

"గట్టెక్కినం సార్. గట్టెక్కినంక మళ్ల చేన్లకు దిగుతరా?" అని, యాదమ్మను జర జరగమని, జములమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కూర్చుంది.